రోజుకి ఆరు వందల కిలోలు

61వ రోజు. మేత 648 కిలోలు.

మాకు మిషను ఇచ్చిన పచ్చవెలుగు నిధి ఆఫీసరు నవీద్ గారు ఫోను చేసి కోప్పడ్డారు. "అరవై రోజుల చిట్టాలో కిలోలు తప్ప ఇంకేం లేవమ్మా. నిధి పెద్దలకి మీ సంగతులు కావాలి. మనిషి మాట్లాడినట్టు మాట్లాడు" అన్నారు. సరే, మాట్లాడతాను. తర్వాత ఎక్కువైందని మాత్రం అనకూడదు.

నా పేరు జయమంగళ నాగసత్య. వయసు ఇరవై ఆరు. ఊరు కొల్లేటిలో ఒంటిగట్టులంక. సముద్రం ముందుకొచ్చాక ఉప్పుటేటికి తలుపులు కట్టారు కదా, వాటికి మాదే దగ్గరి లంక. పాటు వేళ తలుపులు తెరుచుకుని కొల్లేటి నీళ్ళు సముద్రంలోకి పోతాయి. పోటు వేళ మూసుకుని సముద్రాన్ని మా ఇళ్ళలోకి రాకుండా ఆపుతాయి. ఒక్క పూట అవి కదలకపోతే మేం మంచాలెక్కి కూర్చోవాలి.

నా పని ఏంటంటే, గుర్రపుడెక్క కోయించి, తొట్లో మగ్గబెట్టి, వచ్చిన గ్యాసుతో ఐసు చేయడం. చేపల వాళ్ళు కొంటారు. డెక్క కోసేది పదకొండు మంది ఆడవాళ్ళు. తొట్టీ మిషనూ పచ్చవెలుగు నిధి వాళ్ళవి. తాకట్టుకి మునిగిపోయిన అరెకరం తప్ప ఏమీ లేని నన్ను నాలుగు బ్యాంకులు కూర్చోమని కూడా అనలేదు. నిధి వాళ్ళు మిషను ఇచ్చారు. అందుకు దండం పెడతాను. పెద్ద షరతు ఒక్కటే. వంద రోజులపాటు రోజుకి ఆరు వందల కిలోల డెక్క మేతగా తొట్లో పడాలి. పడితే మిషను పదేళ్ళ వాయిదాలకి మాదవుతుంది. వరసగా మూడు రోజులు తక్కువ పడితే మూడో రోజు సాయంత్రం ఆరింటికి దానంతట అదే తాళం పడిపోతుంది. మర్నాడు పడవొచ్చి తీసుకుపోతుంది.

కాటా పక్కన, నేనిప్పుడు మాట్లాడుతున్న ఈ పెట్టెకి మా వాళ్ళు 'అత్తగారు' అని పేరు పెట్టారు. ఏం వేశామో చూస్తుంది, ఎంత వేశామో తూస్తుంది, వాసన కూడా పడుతుంది. మొదటి వారంలో కోత కోసే దుర్గ బరువు కోసం బురద కలిపేస్తే ఈ పెట్టె లంకంతా వినపడేలా అరిచింది. కిలోల అంకెలు రోజూ వాళ్ళకి పోతాయి, నా మాటలు రాసుకున్న చిట్టా మాత్రం వందో రోజు సాయంత్రం ఆరు దాకా దీని కడుపులోనే ఉంటుంది. పంపే ముందు తప్పులు దిద్దుకోవచ్చట. కాబట్టి ధైర్యంగా వాగుతున్నాను.

66వ రోజు. మేత 611 కిలోలు.

లంక చుట్టూ డెక్క అయిపోయింది. మీకిది శుభవార్త. దోనెలు గెడ తగిలినంత మేరా హాయిగా పోతున్నాయి. మా చిన్నప్పుడు నీళ్ళ రంగే కనపడేది కాదు, ఇప్పుడు కనపడుతోంది.

నాకిది చావుకబురు. పొద్దున్నే బయల్దేరి పక్షుల మంచె దాటి వెళితే గానీ కోతకి డెక్క దొరకడం లేదు. రెండు ట్రిప్పులు పడేచోట ఒకటే పడుతోంది. రాఘవమ్మ పిన్ని కోసేవాళ్ళకి పెద్ద. ఆవిడ నోటికి లంకలో ఎవరూ ఎదురు నిలవరు. ఇవాళ దోనె దిగుతూనే మొదలెట్టింది.

"ఏవే, డెక్క తీసెయ్యడానికి మిషనిచ్చారా, డెక్క లేకపోతే మిషను పట్టుకుపోతారా? ఏంటే ఈ లెక్క?"

"అది వాళ్ళ రూలు పిన్నీ."

"రూలు రాసినోడు ఎప్పుడైనా కొల్లేరు చూశాడా?"

చూడలేదనుకుంటాను. ఈ ముక్క కొట్టెయ్యాలి, గుర్తుపెట్టుకోవాలి.

70వ రోజు. మేత 583 కిలోలు. ఎరుపు.

అత్తగారి నెత్తిన ఎర్రదీపం మొదటిసారి వెలిగింది. పదకొండు మందీ తలలు దించుకుని నిలబడ్డారు, వాళ్ళేదో తప్పు చేసినట్టు. ఒకళ్ళమీదా కోప్పడలేదు. ఇంటికొచ్చి కంచం విసిరికొట్టాను. మా అమ్మ కింద కూర్చుని మెతుకులు ఎత్తింది. అది ఇంకా బాధగా ఉంది.

నాకొక ఆలోచన వచ్చింది. ఒప్పందంలో నాలుగో పేజీలో ఉంది, 'దానంతట అది పెరిగిన డెక్కనే వాడవలెను, పెంచరాదు' అని. అందుకే ఆలోచన ఏంటో చెప్పను.

71వ రోజు. మేత 606 కిలోలు.

చెప్పేస్తాను, ఎలాగూ కొట్టేసేదే కదా. నీలం నైలాను తాడు ఇరవై కట్టలు కొన్నాను. వల మరమ్మతుకని బిల్లు రాయించాను. మంచె వెనక మలుపులో సరుగుడు గుంజలు పాతి, నీళ్ళకి జానెడు కింద తాడు కట్టి, మధ్యలో డెక్క తెచ్చి వదిలాను. డెక్కకి నీళ్ళూ ఎండా ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. పది పన్నెండు రోజుల్లో రెట్టింపవుతుంది.

గుంజలు పాతేటప్పుడు పిన్ని చూసింది. దోనె ఆపి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నిలబడింది.

"మా అమ్మ ఈ డెక్క మూలానే దోనె కదల్లేక నడి కొల్లేట్లో నన్ను కన్నాది. ఆ పీడని నువ్వు పెంచుతున్నావా?"

"ముప్పై రోజులే పిన్నీ. మిషను మనదవగానే తీసేస్తాను. నీకోసం కూడా కాదూ?"

"నా పేరెట్టి చెయ్యకు. నేను ఎవరికీ చెప్పను, సాయమూ చెయ్యను" అని గెడ వేసుకుంటూ వెళ్ళిపోయింది. మాటకి కట్టుబడే మనిషి. మిగతా పదిమందికీ డెక్క గాలికి కొట్టుకొచ్చిందని చెప్పాను. నమ్మారు. నమ్మడమే నాకు కష్టంగా అనిపించింది.

80వ రోజు. మేత 652 కిలోలు.

నవీద్ గారు ఏలూరు నుంచి స్వయంగా వచ్చారు. ఐసు దిమ్మలు తట్టి చూసి, ఫొటోలు తీసి, మా అమ్మ పెట్టిన చేపల పులుసు తిన్నారు. మంచాయన. మూడేళ్ళు తిరిగి నాలాంటి కుర్రకారుకి ఈ పథకం తెచ్చారట.

"నీ అంకెలు బాగున్నాయమ్మా. నీ వంద రోజులూ నిలబడితే వచ్చే ఏడాది నలభై లంకలకి ఇదే మిషను, ఇదే షరతు. నలభై మంది నీలాంటి వాళ్ళు" అన్నారు.

గర్వంగా అనిపించింది, ఎందుకు దాచాలి? ఆయన పడవ ఎక్కాక మలుపు దగ్గరికి వెళ్ళి చూశాను. మడి నేను కట్టినదానికి రెండింతలైంది.

89వ రోజు. మేత 660 కిలోలు.

కోస్తున్నదానికంటే పెరుగుతున్నదే ఎక్కువ. గుంజలు ఒరుగుతున్నాయి. కొత్తవి పాతుదామని దిగితే మనిషి లోతు బురద. ఇంకా పదకొండు రోజులు. అంతే. పదకొండు రోజులు నిలబడితే చాలు.

94వ రోజు. మేత 627 కిలోలు.

పొద్దున్నుంచీ పడమటిగాలి, వాన. మధ్యాహ్నం కోతకి వెళ్ళిన వాళ్ళు ఖాళీగా వచ్చారు. "మంచె ఎనకాల డెక్క లేదక్కా, ఎల్లిపోయింది" అంది దుర్గ. నిన్నా ఉదయమూ కోసి పోగేసింది ఉంది కాబట్టి ఇవాళ గడిచింది, రేపూ గడుస్తుంది.

నేనొక్కదాన్నే వెళ్ళి చూశాను. గుంజలు రెండు మిగిలాయి. మడి మొత్తం, ఎకరం పైగా ఉంటుంది, తాళ్ళతో సహా కొట్టుకుపోయింది. నీటివాలు ఉప్పుటేటి వైపు. అటు తలుపులు తప్ప ఇంకేం లేవు.

ఎవరికీ చెప్పలేదు. గాలి దారి మార్చుకుంటుందేమోనని చూస్తున్నాను.

95వ రోజు. మేత 604 కిలోలు.

మార్చుకోలేదు. తెల్లవారుజాము పాటుకి తలుపులు తెరుచుకోబోయి మధ్యలో ఇరుక్కుపోయాయి. డెక్క దిమ్మకట్టి రెక్కల మధ్య దూరిందట. లోపలి నీళ్ళు పోవడం లేదు, పైన వాన ఆగడం లేదు. సాయంత్రానికి, ముంపు గుర్తుగా గట్టు మీద పాతిన హద్దురాయి మునిగింది.

మునిగితే మా లంక కట్టుబాటు ఏంటో మీకు చెప్పాలి. ఆ క్షణం నుంచీ ఊరి పని. ఇంటికొక మనిషి చొప్పున వెళ్ళి ఏరు బాగుచెయ్యాలి. నీళ్ళు దిగేదాకా ఎవరూ సొంత పని ముట్టుకోకూడదు. ఊరి పనిలో ఏట్లోంచి తీసింది ఏదైనా సరే, చేపైనా, కర్రైనా, డెక్కైనా, ఎవరూ సొంతానికి వాడుకోకూడదు. గట్టు మీద కుళ్ళిపోవాల్సిందే. ముంపు వచ్చిందని లంకలో ఏ ఒక్కడూ లోపల సంతోషించకూడదని పెద్దలు అలా పెట్టారు.

96వ రోజు. మేత 0. ఎరుపు.

లంకంతా తలుపుల దగ్గరే. నడుము లోతు నీళ్ళలో వరసగా నిలబడి, డెక్క లాగి చేతులు మార్చుకుంటూ గట్టుకి చేర్చాం. నా పక్కన దుర్గ. మధ్యాహ్నానికల్లా గట్టు మీద మనిషెత్తు గుట్ట లేచింది.

లాగుతుంటే నా చేతికి నీలం తాడు తగిలింది. చుట్టూ చూసి, కొడవలితో కోసి, చుట్టచుట్టి నడుములో దోపుకున్నాను. తల ఎత్తితే వరసలో నాలుగో మనిషి రాఘవమ్మ పిన్ని. చూసింది. నేనే చెబుతానని ఎదురుచూస్తోందని నాకు తెలుసు.

97వ రోజు. మేత 0. రెండో ఎరుపు.

మధ్యాహ్నం దుర్గ ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. బియ్యం డబ్బా, ఇద్దరు పిల్లలూ అటక మీద. అది ఇంటికి పరిగెత్తి, సర్ది, మళ్ళీ వచ్చి వరసలో నిలబడింది. నిలబడి నాకోసమే లంకపెద్ద అర్జునరావు గారితో గొడవ పెట్టుకుంది.

"పెద్దయ్యా, రేపు కూడా మేత పడకపోతే సత్యక్క మిషను పోద్ది. పదకొండు మందిమి రోడ్డున పడతాం. ఆ గుట్టలోంచి ఆరొందల కిలోలు తీసుకుంటే ఎవడి సొమ్ము పోయింది?"

"నీ ఇంట్లో నీళ్ళున్నాయి. నీ బాధ నాకు తెలవదా?" అన్నారాయన. "కానీ ఇవాళ నీకిస్తే, వచ్చే ముంపుకి ఇంకోడు వలేసుకుని కూచుంటాడు. ఊరి పని ఊరి పనే."

నా మిషను కోసం దుర్గ ఏడ్చింది. దాని ఇంట్లోకి నీళ్ళు తెచ్చింది నేను. ఆ తాడు ఇంకా నా నడుముకే ఉంది. గుచ్చుకుంటోంది.

తమాషా చూడండి. ఆ గుట్ట ఊరిది అయితే ముట్టుకోకూడదు. నాది అయితే ముట్టుకోవచ్చు. నాది అని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా ఇవాళ కూడా అనకుండానే ఇంటికొచ్చాను.

98వ రోజు.

మేత ఎంతో చివర చెబుతాను.

పొద్దున్న ఆరింటికి, అందరూ నీళ్ళలోకి దిగబోతుంటే, నడుములోంచి తాడు తీసి అర్జునరావు గారి ముందు పడేశాను. "పెదనాన్నా, ఈ డెక్క నాది. మంచె వెనక నేనే పెంచాను. తెగిపోయిందని నాలుగు రోజుల నాడే తెలుసు. చెప్పలేదు" అన్నాను.

అక్కడున్నది నూటయాభై మంది. ఎవరో ఉమ్మేశారు. ఎవరో "దొంగముండ" అన్నారు. దుర్గ నా దగ్గరికి వచ్చి, ముఖంలోకి చూసి, వెనక్కి తిరిగి నీళ్ళలోకి దిగిపోయింది. కొట్టినా బాగుండేది.

అర్జునరావు గారు తాడు చేతిలో పట్టుకుని గుట్ట వైపు చూశారు. "సరే. తలుపుల్లో ఇరుక్కున్నది ఊరు తీత్తాది. గట్టు మీద గుట్ట నీది. ఇక్కడుంటే వానకి మళ్ళీ ఏట్లోకే జారుద్ది. నువ్వే మొయ్యి. ఆ డెక్క మీద ఇంకొకళ్ళు చెయ్యెయ్యడానికి ఈల్లేదు. మొత్తం పోయేదాకా నీకు వేరే పని లేదు" అన్నారు.

అది శిక్ష. నాకు మేత కూడా. ఆ సంగతి ఆయనకి తెలుసో లేదో అడగలేదు.

నా దోనెలో తడి డెక్క డెబ్బై ఎనభై కిలోలు పడుతుంది. మిషను దగ్గరికి గెడ వేస్తే అరగంట. ఎదురుగాలి. ఎత్తాలి, తోలాలి, దించాలి, తూచాలి, తిరిగి రావాలి. సాయంత్రం ఆరులోపల ఎనిమిది సార్లు. మొదటి ట్రిప్పు 74. రెండోది 79. మూడోదానికి అరచేతులు బొబ్బలెక్కాయి. నాలుగోదానికి చితికాయి, గెడ మీద పట్టు జారుతోంది. ఒంటిగంటకి 302. మూడున్నరకి 451, ఆరు ట్రిప్పులు. ఏడోది తోలుతుంటే గాలికి దోనె అడ్డం తిరిగి, చేతిలోంచి గెడ జారి నీళ్ళలో పడింది. నేను దోనెలో కూలబడి ఏడ్చాను. సిగ్గులేదు చెప్పడానికి, గట్టిగా ఏడ్చాను.

నీళ్ళలో నడుచుకుంటూ ఎవరో వస్తున్న చప్పుడైంది. రాఘవమ్మ పిన్ని. తేలుతున్న గెడ పట్టుకుని దోనె వెనక ఎక్కింది.

"పిన్నీ, చెయ్యెయ్యకూడదన్నారు."

"డెక్క మీద కదే? నేను డెక్క ముట్టుకున్నానా? గెడ ముట్టుకున్నాను. లేచి కూచో."

"ఇన్నాళ్ళూ సాయం చెయ్యనన్నావుగా."

"ఇయ్యాల పొద్దున్న నోరిప్పావుగా. ఇంక మాటాడకు, బరువు."

అరవై ఏళ్ళ మనిషి. గెడ పోటు ఒకటి వేస్తే దోనె రెండు బారలు పోయింది. ఏడో ట్రిప్పుకి 527. ఎనిమిదోది దించేసరికి ఐదు గంటల యాభై రెండు నిమిషాలు. ఒక్కొక్క మోపే కాటా మీద పెట్టాను, చితికిన చేతుల్లోంచి సగం కింద పడుతోంది, మళ్ళీ ఎత్తాను. 571. 588. 597. ఆఖరి మోపు.

609 కిలోలు. ఆకుపచ్చ.

పిన్ని అత్తగారికి మెటికలు విరిచింది. అప్పుడే తలుపుల వైపు నుంచి కేకలు వినపడ్డాయి. రెక్కలు తెరుచుకున్నాయట, మిగిలిన డెక్కంతా సముద్రంలోకి పోయిందట.

99వ రోజు. మేత 615 కిలోలు.

నీళ్ళు దిగాయి. నేను ఇంకా గుట్ట మోస్తూనే ఉన్నాను, గుడ్డలు చుట్టుకున్న చేతులతో. ఊరి పని అయిపోయింది కానీ నా శిక్ష అవలేదు. దుర్గ పలకలేదు.

సాయంత్రం నవీద్ గారు ఫోను. జరిగింది చెప్పాను. ఆయన మెల్లగా, "సత్యా, చిట్టా ఇంకా నీ చేతిలోనే ఉంది కదా? డెబ్బయ్యో రోజు నుంచీ పెంపకం ముక్కలన్నీ తీసెయ్. అంకెలు ఆకుపచ్చే, ఉన్న మూడు ఎరుపులూ వరసగా లేవు. నాలుగో పేజీ షరతు తప్పావని నీ నోటితోనే ఉంటే నేను కూడా కాపాడలేను. మిషను వెనక్కి పోతుంది" అన్నారు.

"తీసేస్తే ఆ నలభై లంకలకీ ఇదే షరతా?"

"అంకెలు బాగుంటే మార్చడానికి కారణం ఏం చెప్పను?" అన్నారు. ఆయన గొంతులో కూడా బాధ ఉంది.

100వ రోజు. మేత 0.

గుట్ట నిన్నటితో అయిపోయింది. ఈ రోజు కోతకి డెక్క లేదు.

పదకొండు మందినీ మిషను దగ్గరికి పిలిచాను. దుర్గ రాదనుకున్నాను, వచ్చింది. నవీద్ గారి మాట చెప్పాను. "మిషను నా ఒక్కదానిది కాదు. మీరే చెప్పండి" అన్నాను.

దుర్గే ముందు లేచింది. "కొట్టెయ్. నా ఇంట్లోకి నీళ్ళు తెచ్చావు, ఊరుకున్నాను. ఇప్పుడు నిజం చెప్పి నా పని కూడా తీసేత్తావా? నీ మనసు తేలికవ్వడానికి నా పిల్లలు పస్తుండాలా?"

నాకు తెలిసింది చెప్పాను. "నేను తెలివితక్కువదాన్నై డెక్క పెంచలేదే. కోసేకొద్దీ డెక్క దొరకదు, దొరక్కపోతే తాళం పడుతుంది. ఆ నలభై మందికీ డెబ్బయ్యో రోజు వస్తుంది. వాళ్ళూ తాడు కొంటారు. నా ఒక్క మడికే తలుపులు ఇరుక్కున్నాయి. నలభై మడులు ఒకే గాలికి తెగితే?"

దుర్గ కింద కూర్చుని గోటితో నేల గీస్తూ ఉంది. దాని పుట్టిల్లు పల్లపులంక ఆ నలభైలో ఉంది. దాని తమ్ముడు ఇప్పటికే దరఖాస్తు పెట్టాడు.

"మా అమ్మకి అటక కూడా లేదు" అంది చివరికి. "సదువు. మొదట్నించీ సదువు, ఏం రాశావో ఇందాం."

మొత్తం వినిపించాను. బురద సంగతికి దుర్గ తల పట్టుకుంది, మిగతావాళ్ళు నవ్వారు. గెడ సంగతికి పిన్ని ముక్కు చీదుకుంది. కంచం విసిరిన ముక్కకి, గుమ్మంలో నిలబడి వింటున్న మా అమ్మ తిట్టింది.

ఇప్పుడు నిధి వాళ్ళకి చెప్పాల్సింది చెబుతాను. మీరు చిట్టాలో మేతకి ఒక గడి పెట్టారు. నీళ్ళకి పెట్టలేదు. ఇవాళ పొద్దున్న మా లంక నుంచి తలుపుల దాకా దోనె ఎక్కడా గెడకి డెక్క తగలకుండా వెళ్ళింది. మీరు మిషను ఇచ్చింది అందుకే కదా? మీ లెక్కలో ఈ రోజు సున్నా. నేను చేసింది తప్పు, మిషను తీసుకుపోతే పోండి, అడ్డం పడుకోను. కానీ ఆ నలభై మందికి ఇచ్చేటప్పుడు తొట్లో ఎంత పడిందని కాకుండా, ఎంత మేర నీళ్ళు కనపడ్డాయో కొలవండి. డెక్క అయిపోయాక పేడో, చేపల వ్యర్థాలో వేసుకోనివ్వండి. పదకొండు మందిమీ అనుకునే చెబుతున్నాం.

"నన్ను నోరుగలదాన్నని రాశావుగా, అదొక్కటీ కొట్టెయ్యవే" అంటోంది రాఘవమ్మ పిన్ని.

అదీ కొట్టెయ్యలేదు. ఆరు కావడానికి మూడు నిమిషాలుంది. నా చేతులకి కట్లున్నాయి, వేళ్ళు వంగడం లేదు. పంపే మీట దుర్గ నొక్కుతోంది.